అత్తమ్మతో కలిసి ఎం.ఏ.

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు మా ఆయన ఫోన్‌లో చెప్పాడు. హిమాయత్‌నగర్‌లో నేను పనిచేసే డయాగ్నస్టిక్ సెంటర్లో, రిపోర్టుల కోసం జనం కౌంటర్ మీద పడుతున్న మధ్యాహ్నం వేళ. "అమ్మ పోయింది," అన్నాడు. "అమ్మ పోయింది అంటున్నవ్. ఔనా?" అన్నాను నేను. "ఔ" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. చావు కబురు చెప్పిన మనిషి చేత ఆ మాట మళ్లీ ఒప్పించడం ఎవరైనా చేసే పనేనా? అది నా అలవాటు కాదు, ఆమెది. ఇన్నేళ్లూ ఆ అలవాటుతో నా ప్రాణం తీసి, పోతూ పోతూ దాన్ని నాకు అంటగట్టి పోయింది.

ఆమె పనిచేసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని జనం గంటల తరబడి కాచుకునే రోజుల్లో ఆపరేటర్‌గా చేరింది. అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక రిటైరయింది. అవతలివాళ్లు చెప్పిన ఊరు, నంబరు, పేరు మళ్లీ వాళ్లకే వినిపించి, వాళ్లు ఔనంటేనే లైను కలపాలి. అది అక్కడి పద్ధతి. ఉద్యోగం అయిపోయినా ఆ పద్ధతి ఆమెను వదల్లేదు. కూరగాయల బండి దగ్గర నిలబడి, "బెండకాయ లేతగున్నది అంటున్నవ్, పొద్దున్నే తెచ్చిన అంటున్నవ్. ఔనా?" అని అడిగేది. బండి ఆయన కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి మా గల్లీలోకి రావడమే మానేశాడు. పక్క గల్లీలో నిలబడి అరిచేవాడు. బెండకాయల కోసం నేను అంత దూరం నడవాల్సి వచ్చేది.

మాది నాంపల్లి స్టేషన్ వెనక ఒక గల్లీ. మూడో అంతస్తులో రెండు గదులు, కిరాయికి. మా ఆయనకు అబిడ్స్‌లో ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మే చిన్న దుకాణం. నేను పొద్దున్నుంచి కౌంటర్లో కూర్చుని ఊళ్లోవాళ్ల రక్తం రిపోర్టులు అందిస్తాను. దగ్గర్లోనే ఒక కాలేజీలో సాయంత్రం పూట కమ్యూనికేషన్, మీడియా స్టడీస్‌లో ఎం.ఏ. చెప్తున్నారని, తెలుగులోనే రాసుకోవచ్చని తెలిసి చేరాను. ఉద్యోగంలో పైకి రావడానికని అందరికీ చెప్పాను. అసలు సంగతి వేరు. నేను ఎవరి కోడలినీ, ఎవరి భార్యనూ కాకుండా కాసేపు కూర్చునే చోటు ఒకటి కావాలనిపించింది.

మొదటి రోజు అత్తమ్మ తోడు వస్తానంది. "చీకటి పడే యాల ఒక్కదానివి ఎట్ల పోతవ్, నేను బయట కూసుంట," అంది. వద్దన్నాను. వద్దంటున్నానని నాకే తిరిగి చెప్పి, నా చేత ఔననిపించుకుని, చెప్పులు వేసుకుంది. వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపల మేడమ్ మొదటి పాఠం మొదలుపెట్టి, కమ్యూనికేషన్ అంటే ఏమిటి, ఎవరైనా చెప్పండి అని అడిగారు. జవాబు కిటికీ బయటి నుంచి వచ్చింది. "అవతలోళ్లకు అందిందో లేదో తెల్సుకునుడు మేడమ్." అందరూ తలలు తిప్పి చూశారు. నేను పుస్తకంలో తల దూర్చాను.

మరుసటి వారానికి ఆమె ఫీజు కట్టేసింది. డ్యూటీలు చేసుకుంటూనే ఎప్పుడో దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేసి ఉంది కాబట్టి అర్హత లేదనడానికీ వీల్లేదు. "జిందగీ అంత నేను చేసిన పనికి ఎం.ఏ. ఉన్నదని నాకు ఎవ్వలు చెప్పలే," అంది. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయనకేం, నవ్వుతాడు. పక్క బెంచీలో కూర్చోవాల్సింది నేను.

ఆ తర్వాత క్లాసులో నా పేరు ఎవరికీ గుర్తులేదు. మా ఇద్దరికీ కలిపి అత్తాకోడళ్లు అని ఒకే పేరు. మేడమ్ హాజరు పిలిచినప్పుడు నేను ఇంకా మెట్లెక్కుతూ ఉంటే, "వస్తున్నది మేడమ్, చెప్పు తెగింది," అని మా ఇంటి సంగతి క్లాసంతటికీ చెప్పేది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోటికి వెళ్లి, అట్ట మీద కమ్యూనికేషన్ అని ఉన్న ప్రతి పుస్తకం కొనుక్కొచ్చింది. శాటిలైట్ కమ్యూనికేషన్, డిజిటల్ కమ్యూనికేషన్, అన్నీ ఇంజనీరింగ్ పిల్లలవి. వీటిలో అన్నీ సర్క్యూట్లే ఉన్నాయి, మన సిలబస్ కాదు అత్తమ్మా అని మొత్తుకున్నాను. "సర్క్యూట్ లేకుంట మాట ఎట్ల పోతది?" అంది. ఉన్న రెండు గదుల్లో ఒక మూల ఆ పుస్తకాలకే సరిపోయింది. నా బట్టల పెట్టె మంచం కిందికి పోయింది.

ఒకరోజు నాకు ఓపిక పూర్తిగా అయిపోయింది. మేడమ్ నన్ను అడిగిన ప్రశ్నకు ఆమె జవాబు చెప్పింది, అదీ తప్పు జవాబు. ఇంటికి వస్తూ స్టేషన్ ముందు, ఆటోల మధ్యలో నిలబడి అనేశాను. "నాకని ఒక్క క్లాసు ఉండె అత్తమ్మా. అది గూడ మీరే గుంజుకున్నరు."

ఆమె ఆగింది. "నువ్వు అంటున్నది, ఈ క్లాసు నీది. నేను వచ్చి గుంజుకున్న. నేనున్నంత సేపు నీకు ఊపిరి ఆడుతలేదు. ఔనా?"

ఊపిరి మాట నేను అనలేదు. కానీ ఉన్నది అదే. "ఔ," అన్నాను.

కోడలు అలా అంటే ఏ అత్తయినా ఏడుస్తుంది, లేదా నాలుగు తిడుతుంది. రెంటికీ నేను సిద్ధంగానే ఉన్నాను. ఈమె కాసేపు ఆలోచించి, "ఫీజు కట్టిన. ఇప్పుడు మానేస్తె ఎట్ల? రేపటి సంది గా చివర కూసుంట," అంది. అన్నట్టే మర్నాటి నుంచి గదిలో అటు చివర, ఫ్యాను లేని బెంచీ మీద కూర్చుంది. నేను నిశ్చింతగా ఊపిరి పీల్చుకోవాలి కదా. అంత దూరం నుంచి ఉస్మానియా బిస్కెట్ల పొట్లం చేతులు మారుతూ నా దాకా వచ్చేది. "మీ అత్తమ్మ పంపింది" అని ప్రతి ఒక్కరూ చెప్పి మరీ అందించేవాళ్లు. అలాంటి మనిషితో పోట్లాడటం కూడా దండగే. మన మాట మనకే పూర్తిగా వినిపిస్తుంది కాబట్టి, రెండో మాట అనడానికి నోరు రాదు.

ప్రాజెక్టు పని వచ్చినప్పుడు మేడమ్ మా ఇద్దరినీ ఒకే జట్టులో వేశారు. ఊళ్ల నుంచి దవాఖాన పని మీద వచ్చి స్టేషన్ దగ్గరి లాడ్జీల్లో దిగినవాళ్లు, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్తారు అన్నది అంశం. నేను ప్రశ్నలు అడగాలి, ఆమె ఫోన్‌లో రికార్డు చేయాలి. అంతే ఒప్పందం. కానీ వాళ్లు చెప్పిన ప్రతి మాటా ఆమె వాళ్లకు మళ్లీ వినిపించేది. పది నిమిషాల్లో అయ్యేది అరగంట పట్టేది. ఇంటికొచ్చి అదంతా విని కాగితం మీద ఎక్కించాల్సింది నేను. ఒకే మాట రెండు గొంతుల్లో రాసి రాసి నా వేళ్లు నొప్పి పుట్టేవి.

పరిగి దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు లాడ్జి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. భార్యను దవాఖానలో చేర్చాడు. ఇంటికి ఫోన్ చేసి పిల్లలకు ఏం చెప్పారని అడిగాను. "అంత మంచిగనే ఉన్నదని చెప్పిన," అన్నాడు. నా ప్రశ్న అయిపోయింది. కృతజ్ఞతలు చెప్పి లేస్తున్నాను. అత్తమ్మ లేవలేదు. "అంత మంచిగనే ఉన్నదని పిల్లలకు చెప్పిన్రు. ఔనా?" అంది. నేను ఆమె కొంగు లాగాను. ఆయన చాలా సేపు రోడ్డు వైపు చూశాడు. "ఔ అమ్మ, గట్లనే చెప్పిన. గానీ మంచిగ లేదు," అన్నాడు. తర్వాత తనంతట తానే చెప్పుకుంటూ పోయాడు. డాక్టర్లు ఏమన్నారో, పెద్ద కొడుక్కి చెప్తే పని వదిలేసి వస్తాడని ఎందుకు చెప్పలేదో, రోజూ ఫోన్ చేసే ముందు ఆ అబద్ధం ఎలా కూర్చుకుంటాడో. నేను అడగాలనుకున్న ప్రశ్నలన్నిటికీ జవాబులు అందులో ఉన్నాయి. నా ప్రాజెక్టు రిపోర్టులో మేడమ్ మెచ్చుకున్న భాగం అదొక్కటే. దారిలో ఆమే అంది. "లైను కలిసినంత మాత్రాన మాట కలిసినట్టు కాదు బిడ్డా." ఒప్పుకోక తప్పదు, ఆ రోజు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. మర్నాడు ఆ రికార్డింగు రాయడానికి కూర్చున్నప్పుడు మళ్లీ తిట్టుకున్నాను.

నేను అన్ని పేపర్లూ పాసయ్యాను. ఆమె మిగతావన్నీ అంచుల మీద గట్టెక్కి, ఒక్క కమ్యూనికేషన్ సిద్ధాంతాల పేపర్లో ఆగిపోయింది. అందులో అన్నీ పెద్ద ప్రశ్నలు. ఒక్కోదానికీ పేజీలు పేజీలు రాయాలి. ఈవిడ ఏం చేసేదంటే, జవాబుకు ముందు ప్రశ్నను తిరిగి చెప్పేది. "మీరు అడుగుతున్నది ఏమనగా" అని మొదలుపెట్టి, పేజీన్నర సేపు ఆ ప్రశ్నను తన మాటల్లో వివరించి, "నేను అర్థం చేసుకున్నది సరైనదేనని భావించి జవాబు రాస్తున్నాను" అని అప్పుడు జవాబులోకి దిగేది. మూడో ప్రశ్న దగ్గర ఉండగానే గంట కొట్టేసేవాళ్లు. ఫెయిల్. మళ్లీ రాసింది. మళ్లీ ఫెయిల్.

కాలేజీలోనే పెట్టిన చిన్న పరీక్షలో అలాంటి జవాబు చూసిన మేడమ్, "ప్రశ్న రాసింది నేనే కదమ్మా, మళ్లీ నాకే ఎందుకు చెప్పడం?" అని నెమ్మదిగానే అడిగారు. "నాకు సమజైందో లేదో మీకు తెల్వాలె గద మేడమ్," అంది ఈవిడ. మేడమ్ నా వైపు చూశారు, నేనేదో చేయగలనన్నట్టు.

ఇక వదిలేయండి, ఈ వయసులో మీకు ఎందుకీ తిప్పలు అని ఒకసారి అన్నాను. బియ్యం ఏరుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే చెప్పింది. "ఎక్స్ఛేంజిల అందరు నా గొంతే విన్నరు, ముఖం ఎవ్వలు చూడలే. బి.ఏ. పట్టా పోస్టుల వచ్చింది. ఒక్కపారి గా నల్ల గౌను ఏస్కోని, టోపీ పెట్కోని, ఫోటో దిగుత. ఇద్దరం ఒక్కపారే పోదం." ఆ మాటతో నా కాళ్లకూ బంధం వేసింది. స్నాతకోత్సవం పిలుపు నాకు వచ్చింది, నేను వెళ్లలేదు. ఆమె పాసయ్యేదాకా నాకూ గౌను లేదు.

అందుకే ఈసారి పట్టుబట్టి నేనే ఆమెకు పాఠం చెప్పాను. సాయంత్రం డాబా మీద చాప వేసి, ఫోన్‌లో టైమర్ పెట్టి, ప్రశ్న ఇచ్చి రాయమనేదాన్ని. "మీరు అడుగుతున్నది" అని కలం కదలగానే కాగితం లాక్కునేదాన్ని.

"దిద్దేటాయనకు ప్రశ్న తెల్సు అత్తమ్మా."

"ఆయనకు తెల్సు. నాకు తెల్సిందని ఆయనకు ఎట్ల తెల్వాలె?"

"తెల్వకున్నా ఫికర్ లేదు. మార్కులు ఏస్తడు."

"సమజైందో లేదో తెల్వకుంటనే ఏస్తడా?"

"ఏస్తడు."

ఆమెకు ఇది అన్యాయంగా తోచింది. నన్ను జాలిగా చూసేది, నేనూ అలాగే పాసయ్యానని అప్పుడే తెలిసినట్టు. అయినా నేర్చుకుంది. చివరికొచ్చేసరికి ప్రశ్నను పక్కన పెట్టి నేరుగా జవాబులోకి దిగేది. అయిదు ప్రశ్నలూ సమయానికి పూర్తయ్యేవి. నేను ధైర్యం తెచ్చుకున్నాను.

పరీక్ష రోజు నేను కౌంటర్‌కు సెలవు పెట్టి గేటు బయట నిలబడ్డాను. ఆమె హుషారుగా బయటికొచ్చింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నా కళ్లలోకి చూడకుండా, చాయ్ తాగుదామా అంది.

"ఎట్ల రాసిన్రు?"

"మస్తు రాసిన."

"ప్రశ్న మళ్ల రాసిన్రా?"

"జరంత."

"జరంత అంటే?"

"మొదటి దానికే బిడ్డా. మొదటిది మంచిగ సమజైంది, చెప్పకుంట ఉండబుద్ధి కాలే." రోడ్డు దాటి హోటల్లోకి నడిచింది. ఇరానీ చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, గౌను కిరాయికి ఇస్తారా, మనమే కుట్టించుకోవాలా అని అడిగింది. బిల్లు కట్టే వంకతో నేను లేచిపోయాను. అంత కోపం వచ్చింది.

ఫలితాలు రాకముందే, పొద్దున చాయ్ తాగి, కొత్తిమీర కట్ట విప్పి, కుర్చీలోనే వెనక్కి వాలిపోయింది. గుండె అన్నారు. మధ్యాహ్నం పక్కింటివాళ్లు చూసి మా ఆయనకు ఫోన్ చేశారు. ఆయన ఇంటికి పరుగెత్తి, అప్పుడు నాకు చేశాడు.

అంత్యక్రియలైన మర్నాడు గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించాడు మా ఆయన. బయటికి వెళ్లిన నేను దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాను. పాస్‌పోర్టు ఫోటోలోని ముఖాన్ని పెద్దది చేసి, కంప్యూటర్లో ఆమెకు నల్ల గౌను తొడిగించి, టోపీ పెట్టించాడు. కింద పేరు, పేరు పక్కన ఎం.ఏ. అని పెద్ద అక్షరాలు.

ఇంటికొచ్చి అడిగాను. "రిజల్ట్ రాలే. గప్పుడే ఎం.ఏ. అని ఎట్ల రాస్తవ్?"

"ఎవలు అడుగుతరు?" అన్నాడు.

"ఆమెనే అడుగుతుండె."

ఆయన తల దించుకున్నాడు. "ఫోటో దిగుతనన్నది గద," అన్నాడు. ఇంతకాలం నవ్వినవాడు ఆ మాట ఎప్పుడు విన్నాడో నాకు తెలియదు. నిర్ధారించుకోని వార్త వేయకూడదని చదువుకున్నదాన్ని నేను. అది మా గల్లీ మొదట్లోనే అంత ఎత్తున వేలాడుతుంటే, రోజూ దాని కింద నుంచే పనికి వెళ్లి వచ్చాను. పాసైతే అది అబద్ధం కాకుండా పోతుంది. దేవుడికి మొక్కుకునే అలవాటు లేని నేను, ఆ కొద్ది రోజులూ మొక్కుకున్నాను.

దినాలన్నీ అయిపోయిన వారానికి ఫలితాలు వచ్చాయి. కౌంటర్లో కూర్చుని, ఫోన్‌లో ఆమె హాల్‌టికెట్ నంబరు కొట్టాను. ఫెయిల్. కొద్దిలో పోయింది. ముందుకంటే ఎక్కువ మార్కులే వచ్చాయి. ఎదురుగా ఎవరో షుగర్ రిపోర్టు అడుగుతున్నారు. ఇచ్చాను. ఆమె మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు. ఆ ఒక్క ప్రశ్నను అలా వదిలేస్తే ఏం పోయేది?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గల్లీ మొదట్లో ఒక వ్యాను ఆగి ఉంది. మున్సిపాలిటీ మనుషులు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీలన్నీ తీసేస్తున్నారు. ఒకాయన నిచ్చెన మీద నిలబడి అత్తమ్మ ఫ్లెక్సీ తాళ్లు కోస్తున్నాడు. నేను కింద నిలబడి చూస్తుంటే, మా ఇంటిదని ఆయనకు తెలిసిపోయినట్టుంది. చేయి ఆపాడు.

"మీ ఇంట్ల మనిషేనా అమ్మ?"

కోడలినని చెప్పబోయాను. "నా క్లాస్‌మేట్," అన్నాను.

ఆయన నన్నొకసారి, ఆ ముసలి ముఖాన్ని ఒకసారి చూశాడు. "పెద్ద సదువే సదివినట్టున్నది," అన్నాడు.

"ఇంకొక పేపర్ మిగిలింది."

కావాలంటే ఫ్లెక్సీ మీకే ఇస్తానన్నాడు ఆయన. వద్దన్నాను. ఆ గౌను ఆమె వేసుకున్నది కాదు. తాళ్లు కోసి, నేల మీద పడకుండా చేతుల్లోకి తీసుకుని, వ్యానులో నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీల పైన ముఖం ఆకాశం వైపు ఉండేట్టు పరిచాడు. వ్యాను అబిడ్స్ వైపు మలుపు తిరిగింది. టోపీ కింద ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయి, ఇంకా ఎవరో ఏదో చెప్తారని వింటున్నట్టు.